లిథియం చరిత్ర - జన్యువు - విధి

లిథియం అనే మాట వినగానే ఇవాళ మన విద్యార్థులకు తోచేది బ్యాటరీ. 2023 ఫిబ్రవరిలో జమ్మూ ప్రాంతపు రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియం ఖనిజం వుండవచ్చునని భూగర్భ సర్వేవారి అంచనా వెలువడగానే పత్రికలు పండుగ చేసుకున్నాయి. ఆ గని ఎవరి పాలు కాబోతుందన్న చర్చ మనం చేయవలసిందే గాని, అది వేరే వ్యాసం. ఇక్కడ నేను ప్రస్తావించదలచింది ఆ లోహపు ఉప్పుకు వున్న మరొక చరిత్ర. డెబ్బై అయిదేళ్ళకు పైగా అది మతి చెడినవారికి మందుగా వుంటున్నది. ఏళ్ళ తరబడి వాడినప్పుడు అది మెదడు కణాలలో జన్యువుల పనినే మారుస్తున్నదని గత మూడు నాలుగు దశాబ్దాల పరిశోధన చెబుతున్నది. సాహిత్య విమర్శకు నెలవైన పత్రికలో ఈ ప్రసక్తి ఎందుకని కొందరు అడగవచ్చు. జన్యువు అనే మాట చుట్టూ గత శతాబ్దంలో రెండు పెద్ద అబద్ధాలు పెరిగాయి. ఒకదానిని ఫాసిజం పెంచింది. రెండవది, చెప్పక తప్పదు, మన శిబిరంలోనే పెరిగింది. ఈ చిన్న ఉప్పు కథ ఆ రెంటికీ అడ్డం తిరుగుతుంది. అందుకే దీనిని తలకెత్తుకున్నాను.

1817లో స్టాక్‌హోమ్‌లో, బెర్జీలియస్ ప్రయోగశాలలో పనిచేస్తున్న ఆర్ఫ్‌వెడ్‌సన్ అనే యువకుడు ఊటో ద్వీపపు గనినుంచి వచ్చిన పెటలైటు రాతిలో కొత్త మూలకాన్ని కనుగొన్నాడు. రాతిలో దొరికింది గనుక గ్రీకులో రాయి అనే అర్థం వచ్చే మాటతో పేరుపెట్టారు. పాతిక ముప్పై ఏండ్లకే అది వైద్యుల చేతిలో పడింది. లిథియం ద్రావణంలో యూరిక్ ఆమ్లపు రాళ్ళు కరుగుతాయని 1843లో అలెగ్జాండర్ యూర్ చూపాడు. గౌట్ రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువగా వుంటుందని గారడ్ తేల్చాడు. రెంటినీ కలిపి గౌట్‌కు లిథియం మందన్నారు. గౌట్ అప్పటి ఐరోపాలో మాంసమూ మద్యమూ పుష్కలంగా దొరికేవారి జబ్బుగా పేరుపడ్డది. మందుకు గిరాకీ రావటంలో ఆశ్చర్యం లేదు. మతిభ్రమణం కూడా యూరిక్ ఆమ్లం చేసే పనేనన్న వాదం ఆ కాలంలోనే పుట్టింది. 1871లో న్యూయార్కులో విలియం హామండ్ ఉన్మాద రోగులకు లిథియం బ్రోమైడు వాడాడు. కోపెన్‌హాగన్‌లో కార్ల్ లాంగె, మళ్ళీ మళ్ళీ వచ్చే విషాద రోగానికి లిథియం ఇచ్చి, 1886లో ఆ విషయం ప్రకటించాడు. సిద్ధాంతం తప్పు. వైద్యం మాత్రం, నేటి దృష్టితో చూస్తే, గురికి చాలా దగ్గరగా తగిలింది! యూరిక్ ఆమ్ల సిద్ధాంతం కూలిపోగానే దానితోపాటు ఆ వైద్యమూ మరుగునపడింది. అనుభవంలో నిలిచినదాన్ని సిద్ధాంతంతో కలిపి పాతిపెట్టటం వైద్యశాస్త్రంలోనే కాదు, మన విమర్శలో కూడా జరుగుతూ వుంటుంది.

వైద్యులు మరిచినా వ్యాపారులు మరవలేదు. లిథియం వున్న ఊటనీళ్ళను సీసాల్లో నింపి అమ్మారు. 1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఛార్లెస్ గ్రిగ్ అనే వ్యాపారి లిథియం సిట్రేటు కలిపిన నిమ్మపానీయాన్ని బజారులో పెట్టాడు. తరువాత సెవెన్ అప్ అయింది అదే. 1948 దాకా అందులో లిథియం వున్నది. ఆపైన మరో సరుకు వచ్చింది. గుండెజబ్బు వున్నవారు మామూలు ఉప్పు తినరాదు గనుక దానికి బదులుగా లిథియం క్లోరైడును అమ్మారు. 1949లో అమెరికాలో దాన్ని తిన్నవారిలో కొందరు విషమెక్కి మరణించారు, ప్రభుత్వం నిషేధించింది. ఇక్కడ ఒక చిన్న శరీరధర్మం గమనించాలి. దేహంలో సోడియం తగ్గితే మూత్రపిండాలు దాన్ని పోనివ్వకుండా పట్టివుంచుతాయి. ఆ పట్టులో లిథియం కూడా చిక్కుతుంది. అంటే, ఉప్పు మానేసినవారికి లిథియం పెట్టటమంటే, అది బయటికి పోయే దారి మూసి మరీ పెట్టటమన్నమాట.

అదే 1949 సెప్టెంబరు 3న ఆస్ట్రేలియా వైద్య పత్రికలో జాన్ కేడ్ వ్యాసం వచ్చింది. కేడ్ పెద్ద విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కాదు. సింగపూరు పతనమైనప్పుడు జపానువారికి చిక్కి, మూడున్నర ఏండ్లు చాంగీ యుద్ధఖైదీల శిబిరంలో గడిపి వచ్చిన సైనిక వైద్యుడు. మెల్బోర్ను శివార్లలోని బందూరా మానసిక చికిత్సాలయంలో, వాడకంలో లేని వంటశాల గదిని ప్రయోగశాల చేసుకున్నాడు. థైరాయిడ్ రసం ఎక్కువైతే మనిషి ఒక రకంగానూ తక్కువైతే మరొక రకంగానూ మారినట్లే, ఉన్మాదం కూడా దేహంలో ఏదో పదార్థం మితిమీరటంవల్లనే వస్తున్నదని అతని ఊహ. రోగుల మూత్రాన్ని గినీ పందులకు ఎక్కించి చూశాడు. యూరిక్ ఆమ్లం నీటిలో కరగదు గనుక, బాగా కరిగే లిథియం యూరేటును వాడాడు. తరువాత లిథియం కార్బొనేటును ఒక్కదానినే ఇచ్చి చూస్తే, ఊరికే బెదిరిపోయే ఆ జంతువులు వెల్లకిలా పడవేసినా నింపాదిగా పైకి చూస్తూ వుండిపోయాయి. అది బహుశా విషపు మత్తేనని తరువాతివారు అన్నారు. కాని కేడ్ అక్కడ ఆగలేదు. ముందు తాను మింగి చూసి, 1948 మార్చిలో, అయిదేళ్ళుగా ఉన్మాదంలోనే వున్న ఒక రోగికి ఇచ్చాడు. 51 ఏండ్లవాడు, వార్డులో అందరినీ వేధించే మనిషిగా పేరుపడ్డవాడు. ఆ మనిషి వారాలలో కుదుటపడి, కొన్ని నెలలకు ఆసుపత్రి విడిచి తన పాత ఉద్యోగానికి వెళ్ళిపోయాడు.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడ ఆగిపోతాయి. నేను ఆగదలచుకోలేదు. ఆ రోగి బాగున్నాను గదా అని మందు మానేశాడు. రోగం తిరగబడింది. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ లిథియం. 1950లో అతను లిథియం విషంతోనే చనిపోయాడు. కేడ్ కొంతకాలం ఆ మందును పక్కన పెట్టేశాడు. అప్పటికి రక్తంలో లిథియం ఎంత వున్నదో కొలిచి చూసే అలవాటు లేదు. ఈ మందుకు మేలు చేసే మోతాదుకూ చంపే మోతాదుకూ మధ్య దూరం బెత్తెడు. లీటరు రక్తంలో సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా మందు, 1.5 దాటితే విషలక్షణాలు కనిపిస్తాయి. పరిమాణంలో మార్పు ఒక హద్దు దాటితే గుణంలో మార్పు అవుతుందన్న సూత్రాన్ని మనం మరుగుతున్న నీళ్ళతో బోధిస్తూ వుంటాం. ఈ ఉదాహరణ నీళ్ళకన్నా గట్టిది. ఇక్కడ హద్దుకు అటుపక్క మనిషి చావు వున్నది. మెల్బోర్నులోనే ట్రౌట్నర్, నోయాక్ అనే ఇద్దరు వందమందికి పైగా రోగులతో పనిచేసి 1951లో ఫలితాలు ప్రకటించారు. రక్తాన్ని కొలుస్తూ మందు ఇవ్వటమనే పద్ధతి వారివంటివారి శ్రమవల్ల స్థిరపడింది.

తరువాతి ఘట్టం డెన్మార్కుది. ఆర్హూస్ దగ్గరి రిస్కోవ్ ఆసుపత్రిలో మోగెన్స్ షౌ 1954లో 38 మంది ఉన్మాద రోగుల పరీక్షాఫలితాలు వెలువరించాడు. ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది కొందరి విషయంలో నాణెం ఎగరవేసి నిర్ణయించారు. మందు ఉన్మాదాన్ని తగ్గించటమే కాదు, మళ్ళీ రాకుండా ఆపుతున్నదని బాస్త్రుప్, షౌ కలిసి 88 మంది స్త్రీల ఏండ్ల తరబడి చరిత్రలతో 1967లో చూపారు. మరుసటి సంవత్సరం లండన్‌నుంచి బ్లాక్‌వెల్, షెపర్డ్ తీవ్రంగా ఖండించారు. ఇది మరొక వైద్య కట్టుకథ కాదా అని వ్యాసం శీర్షికలోనే ప్రశ్నించారు. వారిమీద కోపగించుకునేవారు వున్నారు గాని, నా దృష్టిలో వారు చేసింది మేలే. డెన్మార్కువారు నిందలతో సమాధానం చెప్పలేదు, పరీక్షతో చెప్పారు. లిథియం మీద నిలకడగా వున్న 84 మందిలో కొందరికి తెలియకుండా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతున్నదో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. అయిదు నెలలలో ఉత్తుత్తి మాత్ర పడ్డ 39 మందిలో 21 మందికి రోగం తిరగబడింది. లిథియం కొనసాగిన 45 మందిలో ఒక్కరికీ తిరగబడలేదు. 1970లో ఇది లాన్సెట్‌లో వచ్చింది. ఆ 21 మంది పడ్డ బాధ సంగతి ఏమిటన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ వుంటుంది. దానికి సులువైన జవాబు నా దగ్గర లేదు.

అమెరికాలో ఈ మందుకు అనుమతి 1970 ఏప్రిల్‌లో గాని రాలేదు. కేడ్ వ్యాసానికీ దీనికీ ఇరవై ఏండ్ల పైచిలుకు దూరం. 1949నాటి చావుల భయం దీనికొక కారణం. రెండవ కారణం మన పాఠకులు ఊహించగలరు. లిథియం ప్రకృతిలో దొరికే మూలకం. దానిమీద పేటెంటు ఎవరికీ రాదు. పేటెంటు లేని సరుకుకు ప్రచారకులు వుండరు. 1995లో వాల్‌ప్రోయేటు, 2000లో ఒలాంజపీన్ ఉన్మాదానికి అమెరికా అనుమతి పొందినప్పుడు వాటి వెనుక పెద్ద కంపెనీల బలగం నిలిచింది. లిథియం వాడకం ఆ దేశంలో వెనకపట్టు పట్టింది. ఐతే అన్నిటినీ లాభాపేక్ష కిందికి తోసెయ్యటం కూడా సోమరితనమే. లిథియం నిజంగా కష్టమైన మందు. రక్తపరీక్షలు తప్పవు, ఏండ్ల వాడకంలో థైరాయిడ్, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం వున్నది, చేతులు వణుకుతాయి, దాహం వేస్తుంది. కొత్త మందులు కొందరికి నిజంగానే మేలు చేశాయి.

ఇక ఆ ఉప్పు మెదడులో చేసే పని ఏమిటి? ఇక్కడ ఒక చిక్కుముడి పరిశోధకులను చాలాకాలం వేధించింది. లిథియం కణంలోకి గంటలలో చేరుతుంది. కొన్ని ఎంజైములను అది వెంటనే అడ్డగిస్తుంది. కాని ఉన్మాదం తగ్గటానికి ఒకటి రెండు వారాలైనా పడుతుంది; రోగం మళ్ళీ రాకుండా కాపాడే బలం నెలలమీద గాని కుదరదు. ఎంజైమును అడ్డుకోవటమే మొత్తం కథైతే ఇంత ఆలస్యం ఎందుకు? కణం లోపల నిదానంగా జరిగే పని మరొకటేదో వుండాలి. దానికోసం వెదికితే జన్యు వ్యక్తీకరణ దగ్గర తేలారు. మెదడు కణంలోనూ కాలేయపు కణంలోనూ వున్న జన్యుగ్రంథం ఒకటే. తేడా అంతా ఏ భాగం చదవబడుతున్నదన్న దానిలో వున్నది. ఊళ్ళో భారతం పద్దెనిమిది పర్వాలూ వుంటాయి. వాన పడకపోతే విప్పేది విరాటపర్వాన్నే. జన్యువునుంచి ఆర్.ఎన్.ఎ. నకలు తయారై, ఆ నకలునుబట్టి ప్రోటీను తయారుకావటాన్నే జన్యు వ్యక్తీకరణ అంటున్నారు. కొత్త ప్రోటీన్లు పోగుపడి, కణపు కొమ్మలూ కూడళ్ళూ మారటానికి రోజులు, వారాలు కావాలి మరి.

ఈ దారి తెరుచుకున్న తీరు విచిత్రం. 1892లో కర్ట్ హెర్బ్‌స్ట్ అనే జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు, ఒంటినిండా ముళ్ళుండే సీ అర్చిన్ అనే సముద్రజీవి గుడ్లను లిథియం కలిపిన సముద్రపు నీటిలో పెంచాడు. పిండంలో లోపలికి ముడుచుకోవలసిన పేగు బయటికి పొడుచుకు వచ్చింది. ఒక ఉప్పు పిండపు ఆకృతినే మార్చివేసింది! ఎందుకో నూరేండ్లదాకా తెలియలేదు. 1980లో స్కాట్లండులోని డండీలో ఫిలిప్ కోహెన్ బృందం, చక్కెర నిల్వను అదుపుచేసే గ్లైకోజన్ సింథేజ్ కైనేజ్-3 అనే ఎంజైమును గుర్తించింది. 1996లో అమెరికాలో క్లైన్, మెల్టన్ ఈ రెండు దారాలనూ ముడివేశారు. లిథియం ఈ ఎంజైమును అణచివేస్తుందనీ, కప్ప పిండాలలో అది కలిగించే వికారాలకు కారణం ఇదేననీ వారి వాదన. ఆ ఎంజైము మామూలుగా బీటా-కేటెనిన్ అనే ప్రోటీనుకు నాశనపు ముద్ర వేస్తూ వుంటుంది. ఎంజైము చెయ్యి ఆగితే ఆ ప్రోటీను పోగుపడి కేంద్రకంలోకి వెళ్ళి, కొన్ని జన్యువులను తెరిపిస్తుంది. సముద్రజీవి పిండంలోనూ మనిషి మెదడులోనూ ఒకే పనిముట్టు పనిచేస్తున్నదంటే పరిణామవాదానికి ఇంకొక సాక్ష్యం దొరికినట్లే.

ఇది ఒక్కటే దారి అనుకోరాదు. ఇనోసిటాల్ అనే పదార్థం తిరిగి తయారుకాకుండా లిథియం అడ్డుతుందని 1970లనుంచీ తెలుసు. ఆ అడ్డు, మితిమీరి పనిచేస్తున్న నాడీకణాలమీదనే ఎక్కువగా పడుతుందని ఇంగ్లండులో బెరిడ్జ్ 1980లలో ప్రతిపాదించాడు. మామూలు మనిషి మనసును అంతగా కదిలించని మందు రోగి మనసును కదిలించటానికి ఈ ఊహ ఒక సమాధానం. రెండు దారులూ చివరికి కేంద్రకంలోని జన్యువులదాకా పోతాయి.

జన్యువుల పట్టిక విషయంలో ముందుగా నిలబడ్డ పేరు బి.సి.ఎల్-2. వారాలపాటు లిథియం తిన్న ఎలుకల మెదడు ముందుభాగంలో ఈ ప్రోటీను పెరిగిందని 1999లో మాంజీ బృందం చూపింది. దాని పని కణాన్ని చావునుంచి కాపాడటం. నాడీకణాలకు ఎరువువంటి బి.డి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీను కూడా దీర్ఘకాలం లిథియం తిన్న ఎలుకల మెదడులో పెరిగినట్లు 2001లో వెల్లడైంది. 2000లో పదిమంది రోగులకు నాలుగు వారాలు లిథియం ఇచ్చి మెదడును స్కాన్ చేస్తే, ఎనిమిదిమందిలో బూడిదరంగు భాగం సగటున సుమారు 3 శాతం పెరిగినట్లు కనిపించింది. అది కొత్త కణజాలమా, నీటి చేరికవల్ల స్కానులో కనిపించిన భ్రమా అన్న వివాదం తరువాత వచ్చింది. వేలాది జన్యువులను ఒకేసారి చూడగల పరికరాలు వచ్చాక, 2002లో బొసెట్టీ మొదలైనవారు ఎలుకలకు 7 రోజులు, 42 రోజులు లిథియం పెట్టి పోల్చారు. 42 రోజులనాటికి మారిన జన్యువుల సంఖ్య ఎక్కువ. కాలం గడిచినకొద్దీ మార్పు విస్తరిస్తున్నదన్నమాట. మన చిక్కుముడి ఇక్కడ కొంత వదులైంది.

కొంత అనే అంటున్నాను. ఎలుకకు ఉన్మాదం లేదు. బతికివున్న మనిషి మెదడును కోసి చూడలేము. చనిపోయినవారి మెదడులో ఏ మార్పు మందువల్లనో, ఏది రోగంవల్లనో విడదీయటం కష్టం. ఒక ప్రయోగశాల తయారుచేసిన జాబితా మరొక ప్రయోగశాల జాబితాతో అంతంతమాత్రంగానే కలుస్తుంది. లిథియం ఫలానా జన్యువును మార్చి రోగం నయం చేస్తుందని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మవలసిన పని లేదు.

ఇప్పుడు మొదట చెప్పిన ఆ రెండు అబద్ధాల దగ్గరికి వస్తాను. 1933 జులైలో హిట్లర్ ప్రభుత్వం వంశపారంపర్య రోగుల సంతతిని నిరోధించే చట్టం చేసింది. ఆ చట్టపు జాబితాలో ఈ ఉన్మాద-విషాద రోగం పేరు వున్నది. సుమారు నాలుగు లక్షలమందికి బలవంతంగా సంతాననిరోధక శస్త్రచికిత్స చేశారు. 1939నుంచి మానసిక రోగులను చంపటమే మొదలుపెట్టారు. జన్యువు విధిరాత, తుడిచివేయటం తప్ప మార్చటం సాధ్యం కాదన్నది దాని తాత్పర్యం. రెండవది: కేడ్ తన మొదటి రోగికి మందిచ్చిన ఆ 1948లోనే, ఆగస్టులో, మాస్కోలో లైసెంకో వర్గం జన్యుశాస్త్రాన్నే బూర్జువా భావవాదమని తీర్మానించింది. అంతకుముందే, 1943లో, ప్రపంచపు మేటి వృక్షశాస్త్రజ్ఞులలో ఒకడైన వావిలోవ్ సరతోవ్ జైలులో ప్రాణాలు విడిచాడు. జన్యువు లేదంటే విధి కూడా లేదని అనుకోవటం ఆ వాదానికి వున్న ఆకర్షణ. అభ్యుదయ శిబిరంలో ఎంతోమంది దాన్ని చప్పట్లతో స్వీకరించారు. హాల్డేన్ వంటి శాస్త్రజ్ఞుడు ఈ సంకటంలో నలిగి, చివరికి పార్టీకి దూరమై, 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడే జన్యుశాస్త్రం బోధించాడు. ఆయన శిష్యులలో మన పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు.

లిథియం ఈ ఇద్దరికీ ఒకే జవాబు చెబుతున్నది. వంశంలో వచ్చే జన్యువు నిజం. దాని పాత్ర ఈ రోగంలో బలమైనదే. ఐతే ఆ జన్యువు చదవబడే తీరు బయటినుంచి వచ్చిన ఒక ఉప్పుతో మారుతుంది. నిద్రతో, ఒత్తిడితో, ఆకలితో కూడా మారుతుంది. జన్యువును ఒప్పుకున్నంత మాత్రాన విధిని ఒప్పుకోనక్కరలేదు. మతిచెడటం కేవలం పెట్టుబడిదారీ సమాజం అంటించిన పేరు అని వాదించే మిత్రులు నేటికీ వున్నారు. ఆత్మహత్యలను తగ్గిస్తున్నదని ఎన్నో పరీక్షలలో తేలిన మందు ఎదుట ఆ వాదం ఎట్లా నిలుస్తుందో వారే చెప్పాలి.

అందరికీ ఒకే తీరున పనిచేస్తుందా అంటే లేదు. సుమారు మూడోవంతు మందికి మాత్రమే అద్భుతంగా పనిచేస్తుంది. 2015లో గేజ్ బృందం రోగుల కణాలనుంచి ప్రయోగశాలలో నాడీకణాలు పెంచింది. అవి అతిగా చెలరేగుతున్నాయి. లిథియం పోస్తే, ఆ మందుకు లొంగిన రోగుల కణాలు మాత్రమే నెమ్మదించాయి, తక్కినవారివి నెమ్మదించలేదు. 2016లో 2,563 మంది రోగుల జన్యువులను వెదికితే 21వ క్రోమోజోముమీద ఒకచోట ఈ తేడాకు సంబంధించిన ఆచూకీ దొరికింది. ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పగల పరీక్ష మాత్రం ఇంకా చేతికి రాలేదు.

మన దగ్గర "ఎర్రగడ్డ" ఒక ఊరిపేరుగా కన్న తిట్టుగానే ఎక్కువ వినిపిస్తుంది. సినిమా హాస్యానికి అది తేలిక సరుకు. మన కథకులు కూడా పిచ్చివాణ్ణి ఎక్కువగా నవ్వించటానికో జాలిపడటానికో తెచ్చారు. పెళ్ళి సంబంధం చెడిపోతుందని మందు దాచుకునే ఇళ్ళు, బాగయ్యాక మానిపించే ఇళ్ళు ఎన్నో. మానేస్తే ఏమవుతుందో 1950నాటి ఆ రోగి కథా, 1970నాటి ఆ 21 మంది కథా చెబుతున్నాయి. 1996నుంచి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వున్నది. 2017 చట్టం మానసిక వైద్యాన్ని ప్రభుత్వంనుంచి పొందటం హక్కు అన్నది. అత్యవసర మందుల జాతీయ జాబితాలో లిథియం వున్నది. మాత్ర ఖరీదు స్వల్పమే. మాత్రతోపాటు రక్తం కొలిచే ఏర్పాటు ఎన్ని పట్టణాల ప్రభుత్వ ఆసుపత్రులలో వున్నదో మన విద్యార్థి సంఘాలు ఒకసారి లెక్క తీస్తే బాగుంటుంది. ఎందుకంటే రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండలో పనిచేసే కూలీకి చెమటతో నీరూ ఉప్పూ పోతాయి. నీరూ ఉప్పూ పోతే లిథియం దేహంలో నిలవపడుతుంది. ఒళ్ళు నొప్పులకు దుకాణంలో కొనుక్కునే బ్రూఫెన్ వంటి మాత్రలు కూడా అదే పని చేస్తాయి. అతనికి రక్తపరీక్ష మిగతావారికన్నా ఎక్కువసార్లు కావాలి. ఆ రక్తం చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు తీయాలి. రాత్రి మాత్ర వేసుకునే మనిషికి అది ఉదయం పూట అవుతుంది, ఆ పూట కూలి పోతుంది.